చేను పీల్చిన గాలికి లెక్క

ఆగస్టులో అమెరికాలోని అయోవా రాష్ట్రంలో ఎటు చూసినా మొక్కజొన్న చేలే. మనిషిని దాచేసేంత ఎత్తున పెరిగిన పైరు పగలంతా గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంటూ ఉంటుంది. 2011 ఆగస్టులో నాసా డీసీ-8 విమానం ఈ చేల మీదుగా ఎగురుతూ నేల మీదికి లేజర్ కాంతిని పంపింది. ఆ వాయువు పీల్చుకునే తరంగదైర్ఘ్యాలు కొన్ని, పీల్చుకోనివి కొన్ని. నేలను తాకి తిరిగొచ్చిన వెలుగుల్లోని తేడాను బట్టి వాయువు ఎంతుందో తెలుస్తుంది. పైరు మీద అది తగ్గిన సంగతి అలా బయటపడింది.

కానీ పగటి లెక్క సగం లెక్కే. చీకటి పడ్డాక పైరు, నేల కలిసి ఆ వాయువును వదులుతాయి. ఎండ వెలుగుతో కొలిచే ఉపగ్రహాలకు రాత్రిపూట చూపు ఆనదు. లేజర్‌కు ఆ ఇబ్బంది లేదు. 2022 ఏప్రిల్‌లో చైనా ప్రయోగించిన దాచీ-1 ఉపగ్రహంలో ఉన్నది ఇలాంటి లేజరే. జమతోపాటు ఖర్చూ తెలిస్తేనే పచ్చని చేను నిజంగా ఎంత మిగిల్చిందో తేలుతుంది.