కొల్లేటి గట్టు మీద కొవ్వొత్తులు

తాడేపల్లిగూడెంలో పాసింజరు బండి ఎక్కేసరికి పెట్టెలో సగం చోటు బంతిపూల బుట్టలే ఆక్రమించాయి. ఆ వేళ నవంబరు రెండో తారీకు. కార్తీక దీపాలకు వెళ్ళేవారు కొందరు, సమాధుల పండుగకు వెళ్ళేవారు కొందరు. పువ్వులు మాత్రం ఒకే తోటవి కాబోలు!

కతోలికులు ఏటా ఆ రోజున చనిపోయిన తమవారిని తలుచుకుంటారు. సుమారు వెయ్యేళ్ళ కిందట ఫ్రాన్సులో క్లూనీ మఠాధిపతి ఓడిలో తన మఠాలలో పెట్టిన ఆచారం క్రమంగా లోకమంతా పాకింది. మొదటి మహాయుద్ధంలో లక్షలాది కుర్రవాళ్ళు నేలకూలుతూ వుంటే, 1915లో పదిహేనో బెనెడిక్టు పోపు ఆ ఒక్కరోజున ప్రతి గురువూ మూడు పూజలు చెయ్యవచ్చునని అనుమతించాడు. అందులో ఒకటి మృతులందరి కోసం. అంటే, తలుచుకునే దిక్కులేనివారికి కూడా.

భీమడోలు దాటాక ఎడమవైపు పండిన చేలు, వాటి వెనక చేపల చెరువులు మెరిశాయి. ఏలూరులో దిగాను. 1976లో విజయవాడ నుంచి వేరుపడినది మొదలు ఈ వూరు ఒక మేత్రాసనం. కథీడ్రల్లో పూజ ముగించుకుని వచ్చిన స్నేహితుణ్ణి, "మీ పూజను యూకరిస్టు అంటారు గదా, ఆ మాటకు అర్థమేమిటండీ?" అని అడిగాను.

"గ్రీకులో కృతజ్ఞత అని అర్థం. ఆ కృతజ్ఞతా ప్రార్థన నడుమనే చనిపోయినవారినీ తలుచుకుంటాం" అన్నాడు.

మహాలయ పక్షంలో నీళ్ళు వదిలేటప్పుడు మనవారు తండ్రి తాతలతోపాటు గురువునూ స్నేహితుణ్ణీ తలుచుకోవడం నాకు గుర్తుకొచ్చింది. రుణం రక్తసంబంధానికే కాదన్నమాట!

సాయంత్రం ఇద్దరం ఆటోలో కొల్లేటి పల్లె వొకదానికి వెళ్ళాం. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పల్లం అది. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీరంతా అక్కడ చేరి, ఉప్పుటేరు గుండా సముద్రానికి పోవాలి. మిట్ట నేల కరువు గనుక సమాధులు గట్టు పక్కనే వున్నాయి. సిమెంటువి నాలుగైదు, తక్కినవన్నీ మట్టి దిబ్బలు. వానాకాలం పోయేసరికి అవి సగం కరిగిపోతాయి.

ఒక ముసలామె తట్టతో మట్టి తెచ్చి ఒక దిబ్బ మీద పోస్తూంది.

"మీవాళ్ళదా మామ్మా?" అన్నాను.

"మావాళ్ళది అదుగో, ఆ పక్కది. ఇది మంత్రసానిది బాబూ. నా నలుగురు బిడ్డలకీ ఈవిడే పురుడు పోసింది. ఈవిడకా పిల్లల్లేరు. నేను పొయ్యకపోతే మట్టి ఎవరు పోస్తారు?"

ఇంకో తట్ట ఎత్తబోయి నడుం పట్టుకుని కూర్చుండిపోయింది. పదేళ్ళ మనవరాలు ఆ తట్ట నెత్తికెత్తుకుంది.

"ఇక్కడేనా అమ్మమ్మా?"

"ఇంకాస్త తలవైపుకి పొయ్యవే."

చీకటి పడింది. గట్టు పొడుగునా కొవ్వొత్తులు వెలిగాయి. నీటి గాలికి ఆరినవాటిని పక్కవారు తమ వొత్తులతో వెలిగిస్తున్నారు. గురువుగారు దివ్యజలం చల్లి, చీటీలో రాసిచ్చిన పేర్లు చదివారు. మంత్రసాని పేరు వచ్చినప్పుడు, ముసలామె కంటే ముందు మనవరాలే తలెత్తి చూసింది.