సంపులో ఖాళీ ఎందుకు?

హైదరాబాదులో సంపు అంటే ఇంటి ముందు నేలలో కట్టిన నీళ్ళ తొట్టి. నల్లా నీళ్ళు అందులో పడతాయి, మోటరు వేస్తే పైన ట్యాంకుకి ఎక్కుతాయి. ఉప్పునీటి అక్వేరియం వాళ్ళ సంపు కూడా దాదాపు ఇంతే. పెద్ద ట్యాంకు కింద, స్టాండులో ఇంకో చిన్న ట్యాంకు. పైన పొర్లిన నీళ్ళు పైపులోంచి కిందికి దిగుతాయి, అక్కడ శుభ్రమై పంపుతో మళ్ళీ పైకి వెళ్తాయి. ఇది రోజంతా తిరుగుతూనే ఉంటుంది, అదే తేడా.

మా ఇంట్లో ఒక పాత రెండడుగుల ట్యాంకు ఖాళీగా పడి ఉంది. దాన్నే సంపుగా మార్చాను. పని పెద్దదేం కాదు. గాజు కొట్టువాడి చేత అడ్డు పలకలు కోయించి, బూజుమందు కలపని సిలికాన్‌తో అతికించి, రెండు రోజులు ఆరనిస్తే మూడు గదులు తయారు. మొదటి గదిలో మురుగుని నురగతో లాగేసే ప్రోటీన్ స్కిమ్మరు, మధ్యలో బుడగలు ఆగే చోటు, చివర పంపు. ఆవిరైన నీళ్ళ లోటు కూడా ఆ చివరి గదిలోనే కనిపిస్తుంది. ఉప్పు ఆవిరి కాదు కాబట్టి ఆ లోటుని మంచినీళ్ళతోనే నింపాలి.

అసలు ప్రశ్న వేసింది మా ఇంటి ఓనరు గారు. అడిక్‌మెట్‌లో మేముండేది మొదటి అంతస్తు, కింద ఆయన వాటా. సామాను చూసి ఒకే మాట అడిగారు, "కరెంటు పోతే ఈ నీళ్ళన్నీ ఎటు పోతయి బాబూ?"

నేను ఇరవై డిజైన్ రివ్యూలు చూసుంటాను, ఇంత సూటి ప్రశ్న తక్కువ విన్నాను :)

లెక్క చూడండి. పై ట్యాంకు 90 సెంటీమీటర్ల పొడవు, 45 వెడల్పు. అందులో ఒక సెంటీమీటరు నీళ్ళంటే నాలుగు లీటర్లు. సంపు 60 పొడవు, 30 వెడల్పు, 30 ఎత్తు. అక్కడ ఒక సెంటీమీటరంటే 1.8 లీటర్లే. అంటే పైన ఒక సెంటీమీటరు దిగితే కింద రెండుకి పైనే ఎక్కుతుంది. పంపు ఆగగానే, నీళ్ళని పైకి తెచ్చే పైపే వాటిని వెనక్కి లాగడం మొదలుపెడుతుంది, దాని మూతి నీళ్ళలో మునిగి ఉన్నంతసేపూ. మూతి మూడు సెంటీమీటర్ల లోతులో ఉంటే 12 లీటర్లు, పైపుల్లో ఉన్నవి ఇంకో మూడనుకుందాం. మొత్తం 15. అందుకే సంపుని 18 సెంటీమీటర్ల వరకే నింపాను. పైనున్న ఖాళీలో 21 లీటర్లు పడతాయి. వెనక్కి రానివ్వని వాల్వు పెట్టొచ్చు కదా అంటారు. ఉప్పు పేరుకుంటే అది సరిగ్గా మూసుకోదు. ఖాళీ జాగాకి ఆ బెడద లేదు.

దీనికి ఉల్టా ప్రమాదం ఇంకోటుంది. కిందికి దిగే పైపు మూసుకుపోయి, పంపు మాత్రం నడుస్తూ ఉంటే? పంపు గదిలో ఉన్న ఎనిమిది లీటర్లే పైకి వస్తాయి, అంటే రెండు సెంటీమీటర్లు. పై ట్యాంకు అంచు కింద నాలుగు సెంటీమీటర్లు వదిలాను. పంపు కాలిపోతే పోతుంది, నేల తడవదు. వైర్లు కూడా ప్లగ్గు కంటే కిందికి వేలాడి పైకి వెళ్ళేలా పెట్టాలి. వైరు మీద జారిన ఉప్పునీటి బొట్టు ఆ వంపు దగ్గరే రాలిపోతుంది.

చేపల్ని తేకముందే ఓనరు గారిని పిలిచి ప్లగ్గు పీకాను. ఇద్దరం నిలబడి చూశాం. సంపులో నీళ్ళు ఎక్కీ ఎక్కీ అంచుకి మూడు వేళ్ళ కింద ఆగాయి. ఆయన ఇంకో రెండు నిమిషాలు చూసి, "సరే, తెచ్చుకో" అన్నారు.

ఇప్పుడు వచ్చినవాళ్ళు స్టాండు తలుపు తీసి, "సంపు సగమే నింపావేంటి, ఇంకాస్త పోయొచ్చుగా" అంటుంటారు. ఆఫీసులోనూ వాడని సర్వర్లని చూసి ఇదే అంటారు, ఎందుకు దండగ అని. నడుస్తున్నప్పుడు ఆ ఖాళీ దండగలాగే కనిపిస్తుంది మరి. వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు అదే కింది ఇంటి సీలింగుని కాపాడుతుంది.

మీలో ఎవరైనా సంపు కట్టుకుంటే ముందు ప్లగ్గు పీకి చూడండి. చేపల సంగతి తర్వాత.