పాచికల అడవి

పాచికలు అనగానే మనకు భారతంలోని సభ గుర్తుకొస్తుంది. ముందు పాచికలు, తర్వాత అడవి. నేను చెప్పబోయే ఆటలో ముందు అడవికి పోతాం, పాచికలు అక్కడ వేస్తాం. ఒకరు ఓడి ఇంకొకరు గెలవడమనేది ఇందులో లేదు.

ఈ ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు తయారుచేస్తే 1974లో అచ్చయింది. బల్ల చుట్టూ నలుగురైదుగురు కూర్చుంటారు. ఒకరు కథ నడుపుతారు. తక్కినవాళ్లు తలా ఒక పాత్ర: కత్తివీరుడు, మంత్రగాడు, దొంగ, వైద్యురాలు. నడిపేవాడు "ముందర వాగుంది" అంటాడు. "దాటతాం" అంటారు వాళ్లు. దాటగలరో లేదో అనుమానమైతే ఇరవై ముఖాల పాచిక తేలుస్తుంది. తెర లేదు, వేషం లేదు, అంతా నోటిమాట మీద నడుస్తుంది.

హోసూరులో మా ఇంట్లో ఏడాదిగా ఆదివారం మధ్యాహ్నాలు ఈ ఆట నడుపుతున్నాను. ఆడేది మా అక్క పిల్లలిద్దరు, వాళ్ల స్నేహితులిద్దరు. నలుగురూ ఇంట్లో తెలుగే మాట్లాడతారు. బడిలో చదివేది తమిళం, ఇంగ్లీషు. తెలుగు అక్షరం రాదు. పుస్తకం ఇంగ్లీషుదైనా మా ఆట తెలుగులోనే.

ఈ ఆటలో అడవి కథలు పాతవే. 1981లో డేవిడ్ కుక్, టామ్ మోల్డ్‌వే రాసిన 'ది ఐల్ ఆఫ్ డ్రెడ్' దీవి కథలో ఆటగాళ్ల చేతికిచ్చే పటంలో తీరం గీత ఉంటుంది, లోపల చాలామటుకు ఖాళీ. తేనెపట్టు గదుల్లా ఆరు పక్కల గళ్లు మాత్రం గీసి ఉంటాయి. నడిచినకొద్దీ వాటిని నింపుకోవాలి. మేం ఎత్తుకున్నది 2017లో వచ్చిన 'టూమ్ ఆఫ్ అనైహిలేషన్'. అందులో చల్ట్ అనే ద్వీపకల్పం, దాని నిండా అడవి. ఒక్కో గడి పది మైళ్లు, మామూలు కాలినడకన రోజుకొక గడి. మనిషికి రోజుకు రెండు గ్యాలన్ల నీళ్లు కావాలి, అంటే ఏడున్నర లీటర్లు. దారి చూసేవాడు ప్రతిరోజూ పాచిక వెయ్యాలి. అది తప్పితే ఏ దిక్కుకు పోయారో నాకు తెలుస్తుంది, వాళ్లకు తెలియదు. రోజుకు మూడుసార్లు నేనూ పాచిక వేస్తాను. పదహారో, అంతకు మించో పడితే ఏదో ఒకటి ఎదురవుతుంది.

చెప్పడానికి బాగానే ఉంది గానీ, బల్ల దగ్గర కూర్చుంటే ఒక చిక్కు. ఇరవై గళ్లు దాటడమంటే ఇరవై రోజులు, నావే అరవై పాచికలు. గడి, పాచిక, మొసలి. గడి, పాచిక, ఏమీ లేదు. ఇట్లా పోతే మూడో వారానికే పిల్లలకు ఆవులింతలొస్తాయి. ఏ గడి చూసినా ఒకే పచ్చదనమైతే తూర్పుకు పోతే ఏమి, పడమరకు పోతే ఏమి?

దీనికి నాకు దొరికిన ఉపాయం జాడ చెప్పడం. ప్రతి పొద్దునా మూడు దిక్కులకు మూడు గుర్తులు చెబుతాను. ఉత్తరాన పక్షులు గుంపుగా దిగుతున్నాయి. తూర్పున సన్నగా పొగ లేస్తోంది. దక్షిణాన విరిగిన కొమ్మలు, ఇంకా ఆరని ఏనుగు లద్దె. ఇక చూడాలి వాదన! పక్షులు దిగే చోట నీళ్లుంటాయి, నీళ్లున్న చోట మొసలీ ఉండొచ్చు. పొగ ఉంటే మనుషులుంటారు, వాళ్లు ఎట్లాంటివాళ్లో? ఏనుగు లద్దె పచ్చిగా ఉంటే ఆ పక్కకు పోరాదని, డెంకణికోట దిక్కున రాగి చేలున్న ఇంటి పిల్లవాడికి ఎవరూ చెప్పనక్కర లేదు.

జాడ చెప్పాలంటే మాట కావాలి. వాన కోసం ఒక పట్టీ రాసుకున్నాను. ఆరు ముఖాల పాచికలో ఒకటి తెరిపి, రెండు తుంపర, మూడు జల్లు, నాలుగు ముసురు, అయిదు జడివాన, ఆరు గాలివాన. తుంపరలో నడవొచ్చు. జల్లులో పాత్రలు నింపుకోవచ్చు. ముసురు పట్టితే కట్టెలు అంటుకోవు, ఆ రాత్రి వంటా లేదు, మృగాలను దూరంపెట్టే మంటా లేదు. జడివానలో అడుగుజాడలు చెరిగిపోతాయి. తరిమేవాడికి నష్టం, పారిపోయేవాడికి లాభం. గాలివానలో కదలరాదు. "ముసురంటే ఏంది మామా?" అని మొదటి వారం అడిగారు. నాలుగో వారం పాచిక మీద నాలుగు పడగానే నాకంటే ముందు వాళ్లే "అయ్యో, ముసురు!" అని మూలిగారు.

ఒకసారి నీళ్లయిపోయాయి. ముందర ఎండిన ఏరు. మంత్రాలు కూడా అయిపోయి మంత్రగాడు గమ్మున కూర్చున్నాడు. వైద్యురాలి పాత్ర వేసే పన్నెండేండ్ల పిల్ల, "ఏట్లో చెలమ తీస్తాం మామా. మా అవ్వ చిన్నప్పుడు అట్లే నీళ్లు తెచ్చేదంట" అనింది. తక్కిన ముగ్గురికీ ఆ మాట కొత్త. బల్ల మీద రెండు చేతులతో ఇసుక తోడి చూపించింది. నేను పాచిక అడగలేదు. తెలిసిన పనికి పాచిక ఎందుకు?

ఇక అడవిలో ఉండే మనుషుల సంగతి. ఆఫ్రికా గురించి పడమటివాళ్లకున్న పాత ఊహలతో చల్ట్‌ను అల్లారని 2017లోనే విమర్శలొచ్చాయి. బయటివాడు వచ్చి 'కనిపెట్టే' అడవి నాకూ మింగుడుపడలేదు. మా పక్కనున్న మేలగిరి కొండల్లో ఇరుళర్ల ఊళ్లున్నాయి. అక్కడ పుట్టినవాళ్లకు అది ఖాళీ గడి ఎట్లవుతుంది? అందుకని ఒక నియమం పెట్టాను. చోటుకు పేరు ఆటగాళ్లు పెట్టరాదు. అక్కడుండే వాళ్లను అడిగి, వాళ్లు చెప్పిందే పటంలో రాసుకోవాలి.

రాసేది ఎట్లా? వచ్చిన అక్షరాలతోనే. మాట తెలుగు, లిపి తమిళం. తమిళంలో క, గలకు ఒకటే అక్షరం, ప, బలకూ ఒకటే. ఆ భాషకు అది చాలు. మన మాటలు అందులో పెడితేనే చిక్కు.

ఆ చిక్కు ఒక ఆదివారం బయటపడింది. లోపలి గూడెం నుంచి మందు తీసుకుని వెనక్కి వస్తున్నారు. ఒక్క పూటకే నీళ్లున్నాయి. కత్తివీరుడికి చలిజ్వరం. పటంలో ఒక గడిలో రెండు నెలల కిందట రాసుకున్న మాట ఉంది. మా మేనల్లుడు 'బాట' అని చదివాడు, బాట ఉంటే సాయంత్రానికి ఏరు చేరొచ్చు. వైద్యురాలు 'పాట' అనింది, ఆ రాత్రి అక్కడ ఎవరో పాడుతుంటే విన్నామని. అరగంట వాదించుకున్నారు. నాకు తెలుసు, చెప్పరాదు. ఆట నడిపేవాడి ధర్మం అది. ముగ్గురు బాట అన్నారు. పోయారు. అక్కడ ముళ్లపొదలు తప్ప దారి లేదు. కత్తివీరుడు ఆ రాత్రి గడవలేదు.

ఏడాదిగా మా మేనల్లుడు ఆడిన పాత్ర అది. వాడు ఏడవలేదు. పటం దగ్గరికి లాక్కుని ఆ అక్షరాన్నే చాలాసేపు చూశాడు.

పై ఆదివారం వైద్యురాలు ఒక కాగితం తెచ్చింది. వాళ్ల అవ్వ వణికే చేత్తో పెద్దగా రాసిచ్చిన అక్షరాలు: క, గ, ట, డ, త, ద, ప, బ. మొదట ఆ గడిలోని మాటను కొట్టేసి 'పాట' అని తెలుగులో రాసింది మా మేనల్లుడే. తర్వాత నలుగురూ కూర్చుని వాగు, గుట్ట, మడుగు, చెలమ ఒక్కొక్కటే దిద్దారు. వాడి కొత్త పాత్ర పటం గీసేవాడు.

వాళ్లకు తెలుగు చదవడం వచ్చేసిందని నేననను. ఇరవైమూడు మాటలు వచ్చాయి. పటంలో ఇంకా సగం గళ్లు ఖాళీగా ఉన్నాయి. బరంపురంలోనో, షోలాపురంలోనో, యానాంలోనో ఇది చదివేవారికి నాదొక మనవి. మీ ఇళ్లలో వానకూ నీటికీ ఉన్న మాటలు ఒక కార్డు మీద రాసి పంపండి. నా పట్టీలో ఆరే ఉన్నాయి, పెద్ద పాచికకు ఇరవై ముఖాలు.