రిప్రొడ్యూస్ కాలేదు

పటేల్‌గూడలో మాది ఐదో అంతస్తు. రాత్రి పదకొండున్నర దాటాక అప్పుడప్పుడూ ఒక వాసన వస్తుంది. కుళ్ళిన క్యాబేజీ మీద నెయిల్ పాలిష్ ఒలికినట్టు ఉంటుంది. మా ఆవిడ లేచి కిటికీలు మూస్తుంది, నేను పాప గదిలో ఫ్యాన్ ఆపుతాను. తెల్లారేసరికి ఏమీ ఉండదు. ఒకసారి ఫిర్యాదు చేశాను. మూడు రోజుల తర్వాత, పగలు పదకొండింటికి ఒకాయన వచ్చాడు. బాల్కనీలో నిలబడి రెండుసార్లు గట్టిగా గాలి పీల్చి, "ఇప్పుడైతే ఏం లేదు గద సార్" అన్నాడు.

నిజమే, లేదు. మా ఆఫీసులో ఇలాంటి టికెట్‌ని 'కెనాట్ రిప్రొడ్యూస్' అని రాసి మూసేస్తాం. అలా నేనే ఎన్నో మూసేశాను.

ఆ వాసనకి నిద్ర చెడిన రాత్రుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని అమెరికా చిన్న ఊళ్ళ మిస్టరీలు వినడం అలవాటైంది. మాయమైన మనుషులు, ఆకాశంలో వెలుగులు, ఖాళీ ఇళ్ళల్లో అడుగుల చప్పుళ్ళు. ఈ కథలన్నిటికీ ఒకటే కట్టుబడి. ముందు ప్రశాంతమైన ఊరు, తర్వాత వింత, ఆపైన మూడు సిద్ధాంతాలు, చివర్లో 'మీరే తేల్చుకోండి' అని ఒక గొంతు. తేలకపోవడమే అందులో మజా. ఆ మజా నాకు బాగానే ఎక్కింది, ఒక రాత్రి మాటూన్ కథ వినేదాకా.

మాటూన్ ఇల్లినాయ్ రాష్ట్రంలో ఒక ఊరు. అప్పటికి జనాభా పదిహేను వేల పైచిలుకు. 1944 సెప్టెంబర్ ఒకటో తారీఖు రాత్రి ఒక ఇంట్లో ఆమెకి కిటికీలోంచి తియ్యటి వాసన వచ్చింది. కాసేపటికి కాళ్ళు కదల్లేదు. పక్కరోజు పత్రిక ఆమెను 'మొదటి' బాధితుల్లో ఒకరిగా రాసింది. అంటే తర్వాతివాళ్ళకి అప్పుడే చోటు పెట్టింది. వాళ్ళు వచ్చారు కూడా. దాదాపు రెండు వారాల పాటు ఎవరో ఒకరు వాసన వచ్చిందని, ఒళ్ళు తూలిందని, నల్లబట్టల మనిషి కనబడ్డాడని పోలీసులకి ఫోన్. యుద్ధకాలం, మగవాళ్ళు చాలామంది ఊళ్ళో లేరు. తుపాకులు పట్టుకుని జనం వీధుల్లో కాపలా కాశారు. ఎవరూ దొరకలేదు. 1945లో డొనాల్డ్ జాన్సన్ అనే పరిశోధకుడు ఒక సైకాలజీ జర్నల్‌లో ఇది పత్రికలు పెంచిన మూకుమ్మడి హిస్టీరియా అని రాశాడు. ఆ మాట ఇప్పటికీ పాఠ్యపుస్తకాల్లో తిరుగుతోంది.

నేను ఆగిపోయింది అక్కడ కాదు. ఆ రోజుల్లోనే ఊరి పోలీసు అధికారి ఇంకో మాట అన్నాడు: ఊళ్ళో ఉన్న ఫ్యాక్టరీలో వాడే కార్బన్ టెట్రాక్లోరైడ్ గాలిలో కొట్టుకొచ్చి ఉండొచ్చని. మా పనివాళ్ళలో ఎవరికీ ఏమీ కాలేదే అంది కంపెనీ. ఆ మాట అక్కడితో సరి. పాడ్‌కాస్ట్‌లో ఈ సిద్ధాంతానికి నలభై సెకన్లు ఇచ్చారు, దెయ్యపు మనిషికి ఇరవై నిమిషాలు. పటేల్‌గూడలో కిటికీ మూసుకుని వింటున్నవాడికి ఆ లెక్క వేరేగా తగులుతుంది.

మనకీ ఒక మాటూన్ ఉంది. 2020 డిసెంబర్ మొదటి వారాంతంలో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛతో పడిపోవడం మొదలైంది. నురగ, వాంతులు, కొద్ది నిమిషాల స్పృహ లేని స్థితి. కొన్ని రోజుల్లో ఆరువందల పైన కేసులు. చాలామంది ఒకట్రెండు రోజుల్లో కోలుకున్నారు. కోవిడ్ కాదు, అంటురోగమూ కాదు. ఎయిమ్స్ వాళ్ళు రక్తంలో సీసం, నికెల్ ఉన్నాయన్నారు. హైదరాబాద్ నుంచి ఎన్ఐఎన్ వాళ్ళు, ఇంకెందరో వచ్చారు. చివరికి పురుగుమందుల అవశేషాలు కారణమై ఉండొచ్చని తేల్చారు. అవి ఒకే వారంలో అంతమంది ఒంట్లోకి ఏ దారిన వచ్చాయన్న ప్రశ్న మాత్రం మిగిలిపోయింది. టీవీలు 'వింత వ్యాధి' అన్నాయి. 'వింత' అన్నాక ఇక ఎవరినీ ఏమీ అడగక్కర్లేదు.

ఆ మాటే నన్ను మా ఊరికి లాక్కుపోయింది.

మాది జోగిపేట దగ్గర పల్లె. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా, 2016 దాకా మెదక్. మెదక్ అంటే ఒకప్పుడు బాణామతి. రాత్రిపూట ఇళ్ళ మీద రాళ్ళు పడటం, దండెం మీద బట్టలు అంటుకోవడం, ఆడవాళ్ళు ఊగిపోతూ ఎవరిదో పేరు చెప్పడం. పేరొచ్చినవాళ్ళకి పళ్ళు రాలగొట్టేవాళ్ళు, నోరు తిరక్కపోతే మంత్రం పారదని. చేతబడి అనుమానంతో చంపేయడాలు తెలంగాణ వార్తల్లో ఇప్పటికీ ఆగలేదు. ఇంజినీరింగ్ హాస్టల్లో యండమూరి 'తులసిదళం' చదువుతూ అందరూ దుప్పటి కప్పుకుంటే నాకు భయం వేయలేదు. కడుపులో ఇంకేదో తిప్పింది.

1996లో నేను మూడో తరగతి. మా వాడకట్టులో ప్రతి తలుపు మీదా జాజుతో 'ఓ స్త్రీ రేపు రా' అని రాసి ఉండేది. ఆమె రాత్రి వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుంది, రాత చదివి వెళ్ళిపోతుంది, మర్నాడు వచ్చి మళ్ళీ చదువుతుంది. బయటపడే కండిషన్ లేని లూప్. ఆ ఎండాకాలంలోనే మా గల్లీలో ఒక ఇంటి పెంకుల మీద రాత్రిపూట రాళ్ళు పడ్డాయి. వరుసగా రెండు రాత్రులు. ఆ పక్కింట్లో ఒక అవ్వ ఒంటరిగా ఉండేది. పిల్లలకి దిష్టి తీసేది, మాకు కాల్చిన మక్కకంకులు పెట్టేది. రెండో రోజు పొద్దటికే జనం ఆమె ఇంటి దిక్కు చూసి మాట్లాడటం మొదలుపెట్టారు.

మూడో రాత్రి పడిన రాయి నాది.

దోస్తు పందెం కాసిండు, నేను విసిరిన. అంతకన్నా పెద్ద కారణం లేదు. పెంకు పగిలిన చప్పుడుకి ఊరంతా లేచింది. మర్నాడు పెద్దమనుషులు అవ్వ ఇంటికి పోయారు. కొట్టలేదు. బోరింగ్ దగ్గరికి రావద్దన్నారు, ఎవరూ మాట్లాడొద్దన్నారు. పదిహేను రోజుల్లో ఆమె ఇల్లు వదిలి పటాన్‌చెరు దిక్కు, ఫ్యాక్టరీలో పనిచేసే అల్లుడి దగ్గరికి పోయింది. తర్వాత రాళ్ళు పడలేదు. ఊరికి అదే రుజువు.

ఈ సంగతి ఇరవై ఏళ్ళకు పైగా ఎవరికీ చెప్పలేదు. మాటూన్ విన్న తర్వాతి ఆదివారం అమ్మకి ఫోన్‌లో చెప్పాను. తిడుతుందనుకున్నా. కొంచెంసేపు ఊకుంది.

"నువ్వేసింది ఒక్కటే గద బిడ్డా. మొదటి రెండు రాత్రులు ఎవలేసిన్రో మాకు తెల్వదా? ఆ ఇంటోల్లే. అవ్వ ఇంటిజాగ మీద వాళ్ళకి కన్నుండె."

"మరి ఎందుకు చెప్పలేదు?"

"ఎవలికి చెప్పాలె? అందరికీ తెలుసు."

నేను ఇన్నాళ్ళూ మోసింది నా రాయి ఒక్కటే. ఊరు మోసిన అబద్ధం నాకు తెలియనే తెలియదు. అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని దాన్ని మా ఊళ్ళో బాణామతి అన్నారు. మాటూన్‌లోనూ అదే జరిగిందని అనను. అక్కడ నిజంగా భయమే మొత్తం పని చేసి ఉండొచ్చు. కానీ మిస్టరీ అన్న పేరు ఎవరికి పనికొస్తుందో ఇప్పుడు ముందు చూస్తున్నాను.

పటాన్‌చెరు సంగతీ తెలియనిదేం కాదు. నక్కవాగు ఏమైందో ఇక్కడి రైతులకి దశాబ్దాలుగా తెలుసు. 2007లో స్వీడన్ పరిశోధకుడు జోకిమ్ లార్సన్ బృందం ఇక్కడి ఉమ్మడి వ్యర్థజల శుద్ధి కేంద్రం నుంచి, శుద్ధి అయ్యాక బయటికొచ్చే నీటిని పరీక్షించి, లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉందని ప్రచురించింది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఎక్కువ. నీళ్ళని సీసాలో పట్టి స్వీడన్ దాకా పంపొచ్చు. రాత్రి గాలి పొద్దటిదాకా నిలవదు.

మొన్న మా వాచ్‌మన్‌ని అడిగాను, ఈ వాసన ఎక్కణ్ణుంచని. వింతగా చూసి, "మీకు తెల్వదా సార్?" అన్నాడు. చేత్తో ఒక దిక్కు చూపించి, రాత్రిపూటే ఎందుకు వదుల్తారో కూడా చెప్పాడు. ఆయన చెప్పింది నిజమో కాదో నేను చెప్పలేను, అందుకే ఏ దిక్కో ఇక్కడ రాయడం లేదు. ఒకరి ఇంటి వైపు వేలు చూపిస్తే ఏమవుతుందో ఒకసారి చూశాను.

కాబట్టి నాకు చేతనైన పని చేస్తున్నాను. బగ్ ఎప్పుడో ఒకసారి మాత్రమే వస్తుంటే లాగ్ పెట్టాలి. తారీఖు, టైము, గాలి ఎటునుంచి, ఎంతసేపు. మా బ్లాక్‌లో ఇంకో నాలుగిళ్ళ వాళ్ళు రాస్తున్నారు. పై ఫ్లోర్ ఆంటీ 'వాసన' అన్న మాట కింద 'మళ్ళీ' అని మాత్రం రాస్తారు. ఫర్వాలేదు, పక్కన టైము వేస్తున్నారు.

నిన్న రాత్రి 12:40కి వచ్చింది. ఇరవై ఐదు నిమిషాలు ఉంది. ఐదిళ్ళ వాళ్ళమూ రాశాం.