నాలుగు వేళ్ల కొలత

సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ మేడమ్ గారు కబురు చేస్తే, అందరిలాగే హాస్టల్ సాంబారు గురించి రాద్దామనుకున్నాం. కానీ చెల్లెళ్లకు చెప్పాల్సిన మాట ఒకటి ఉండిపోయింది.

భీమవరంలో ఇంటర్ చదివేటప్పుడు మేం ముగ్గురం ఒకే గది. మూడిళ్లలోనూ డిగ్రీ గడప తొక్కింది మేమే మొదలు. ముగ్గురి అమ్మలూ ఊడ్పులకు వెళ్లేవారే. ఒకసారి పాత పుస్తకాల బండి మీద పది రూపాయలకు ఆక్యుప్రెషర్ పుస్తకం దొరికింది. అందులో కాలి బొమ్మ మీద ఒక చుక్క, పేరు జుసాన్లీ. చైనా భాషలో ‘కాలి మూడు లీలు’ అని అర్థం. లీ అంటే సుమారు అరకిలోమీటరు. అక్కడ నొక్కితే అలసినవాడు మరో మూడు లీలు నడుస్తాడని వాళ్ల నమ్మకం. మోకాలి చిప్ప కింద బయటివైపు గుంట నుంచి నాలుగు వేళ్ల వెడల్పు దిగి, ముంగాలి ఎముకకు ఒక వేలు పక్కకు జరగాలి. ఆ వేళ్లు నొక్కేవారివి కావు, నొక్కించుకునేవారివే అయి ఉండాలి.

దసరా సెలవులకు ఒక అమ్మ కాళ్లు పట్టాం. ఎవరి అమ్మ అన్నది అనవసరం, ముగ్గురికీ ఆవిడ అమ్మే. నీళ్లలో నాని నాని మొద్దుబారిన ఆవిడ నాలుగు వేళ్లు మా ఐదు వేళ్లంత ఉన్నాయి. “హాయిగా ఉందే” అంటే డాక్టర్లమైపోయినంత సంబరపడ్డాం.

ఒక పాదం కాస్త ఉబ్బి ఉండేది. సాయంత్రం వచ్చి పొద్దుటికి తీసేది. మా నొక్కుడు వల్లే తగ్గుతోందనుకున్నాం. సంక్రాంతికి వెళ్లేసరికి పొద్దున్న కూడా తగ్గడం లేదు. ఆవిడ చీర కుచ్చిళ్లు కిందికి లాగి దాచుకుంటోంది. ప్రభుత్వాసుపత్రిలో చూపిస్తే బోదకాలు అన్నారు. మురుగునీటి దోమ మోసుకొచ్చే పురుగు బొటనవేలితో నొక్కితే చస్తుందా? మూడు నెలలు పోగొట్టాం.

2004లో దేశంలో ఫైలేరియా ఉన్న జిల్లాల్లో ఏటా మాత్రలు పంచడం మొదలుపెట్టారు. చిన్న తరగతుల్లో మన హాస్టల్‌కూ వచ్చేవి. నాలుక కింద పెట్టుకుని కిటికీలోంచి ఊసేసిన వాళ్లలో మేమూ ఉన్నాం.

ఇప్పుడు ఎమ్మెస్సీ జువాలజీ. 2021లో నేచర్ పత్రికలో వచ్చిన పరిశోధన గురించి చదివి ఎగిరి గంతేశాం. ఎలుకల కాలిమీద సరిగ్గా ఆ చుక్క దగ్గర సూదితో సన్నని కరెంటు పంపితే, వేగస్ నాడి ద్వారా ఒంట్లో వాపు తగ్గిందట. కానీ ఆ వాపు వేరు, అమ్మ కాలి వాపు వేరు.

రోజూ సబ్బుతో కడిగి, వేళ్ల సందులు తుడిచి, పడుకునేటప్పుడు కాలు దిండు మీద పెట్టుకుంటుంది. వాపు పూర్తిగా పోలేదు, పెరగనూ లేదు. మేం సెలవులకు వెళితే రెండో కాలు చాపుతుంది. కొలత మాత్రం తనే పెడుతుంది.