రైను నదికి అటునిటు బస్సు ప్రయాణము

పారిస్ పట్టణమునుండి జర్మనీలోని మ్యూనిక్ నగరమునకు రైలున్నను మేము బస్సునే యెన్నుకొంటిమి. టిక్కెట్టు చవుక, పైగా కిటికీప్రక్కను గూర్చుండి రెండు దేశముల పొలములను, ఊళ్లను తీరికగా జూడవచ్చును.

బాటపై మొదట మా కంటబడినవి లారీల వెనుక నంటించిన గుండ్రని అంకెలు. ఫ్రాన్సులో పెద్ద బండ్లు తాము పోదగిన వేగమును వీపున వ్రాసికొని తిరుగును. అచ్చటి పెద్దబాటలపై కారునకు గంటకు 130 కిలోమీటర్లు, బస్సునకు 100, భారీలారీకి 90 హద్దు. వానపడునపుడు కారుకూడ 110 దాటరాదు.

కార్లన్నియు మమ్ము దాటిపోవుచుండగా మా అత్తగారికి విసుగు పుట్టెను. "అమ్మాయీ, ఇంత నున్నని రోడ్డుండగా మన బస్సేమి, పెండ్లిపల్లకివలె నడచుచున్నది?" అనిరి. డ్రైవరు తలచినను అంతకు మించి పోజాలడని మావారు చెప్పిరి. ఐరోపాలో 1992 నాటి శాసనముచే భారీలారీలకు 90, పెద్ద బస్సులకు 100 దాటనీయని యంత్రము నమర్చుచున్నారు. పిమ్మట చిన్నతరహా లారీలకును బస్సులకును దీనిని వర్తింపజేసిరి.

ఈ కట్టడి ఊరక పుట్టలేదు. డ్రైవరు ఆపదను గని బ్రేకుపై కాలు మోపుట కొక్క సెకను పట్టినను, 100 వేగమున బోవు బండి ఆలోపల సుమారు 28 మీటర్లు ముందునకు సాగును. వేగము రెట్టింపైనచో, బ్రేకు పడినపిదప పరుగిడు దూరము నాలుగురెట్లగును. నలుబది టన్నుల లారీ మాట యేమని చెప్పుదుము!

స్ట్రాస్‌బుర్గు దాటి రైను నదిపై వంతెన నెక్కితిమి. నది కీవలనున్నదే జర్మనీ. ఇచ్చటి పెద్దబాటలపై పెక్కుచోట్ల కార్లకు హద్దే లేదు. 130 మేలని సలహా మాత్రము కలదు. లారీలకన్ననో 80 మాత్రమే. ఒక లారీ మరియొకదానిని దాటబోయి, రెండును ప్రక్కప్రక్కనే నిముషములకొలది ప్రాకుచుండుట జూచితిమి. జర్మనులు దీనికి 'ఏనుగుల పందెము' అని పేరు పెట్టినారు. వెనుక చిక్కిన కార్లవారి మొగములు చూడవలసినదే! ఆదివారము రాత్రి పదిగంటలవరకు భారీలారీలకు రోడ్డుపై తిరుగుటయే నిషేధము.

బస్సునకు సామాన్యముగా 80. పెద్దబాటపై 100 పోవలెనన్న ప్రతి ఆసనమునకు బెల్టుండవలెను, వేగమునకు కళ్లెము వేయు యంత్రముండవలెను, ముందుచక్రములకు గాడులు మరల చెక్కిన పాతటైర్లు పనికిరావు. ప్రయాణికులు నిలుచుండి పోవు బస్సునకు 60 మాత్రమే. బండి యెంత గట్టిదని గాక, అందులోని వారెట్లు కూర్చున్నారని యడుగు ఈ నియమము మాకు మిక్కిలి నచ్చినది. నాలుగున్నర గంటలు నడిపిన డ్రైవరు ముప్పావుగంట విశ్రమింపక తప్పదు. ఆ వ్యవధిలో మేము కాఫీ త్రాగి కాళ్లు సాచుకొంటిమి.

మన దేశమున హద్దులు లేవని యెవరును తలపరాదు. 2018 ఏప్రిల్ నాటి ప్రకటనలో బస్సులకు ఎక్స్‌ప్రెస్ బాటలపై 100, నడుమ విభజించిన నాలుగువరుసల బాటలపై 90, ఊళ్లలో 60. లారీలకు 80, 80, 60 అని విధించిరి. అంతకుమున్నే, 2015లో, బాడుగబండ్లకు 80 దాటనీయని యంత్రము పెట్టవలెనను నియమమును వచ్చినది. కాగితముపై మనము జర్మనులకు తీసిపోము.

అయినను 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున, బెంగుళూరునుండి హైదరాబాదు వచ్చుచున్న బస్సు పాలెముకడ కల్వర్టును గొట్టుకొని అంటుకొనగా, 45 మంది బూడిదయైన సంగతి తెలుగు గృహములు మరువలేదు. ఆ రెండు నగరములకు నడుమ దూరము సుమారు 570 కిలోమీటర్లు. ఎడతెగక 80 వేగమున బోయినను ఏడుగంటలు దాటును; ఊళ్లలో నెమ్మదించుట, భోజనపు మజిలీ వేరు. పిల్లలతో రాత్రిబస్సెక్కు సోదరీమణులు, ఇంతకంటె వేగిరముగా జేర్చెదమను వారిని, ఆ మిగిలిన కాలము నెచ్చటనుండి తెత్తురో అడిగి మరీ టిక్కెట్టు కొనవలెను.