ఫోన్ పెట్టేయండి, తప్పు లేదు



ఈ నెల చింతకాయ పచ్చడి సంగతులు రాస్తానని మాటిచ్చాను. పచ్చడి ఒక నెల ఆగుతుంది. ఈలోగా ఆగకూడనిది ఒకటి వచ్చిపడింది. ఈ మధ్య మీరు రాస్తున్న ఉత్తరాల్లో, కార్డు మీద వచ్చినవాటిలోనూ, మనవల చేత మెయిల్ చేయించినవాటిలోనూ, ఒకటే కబురు మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. పోలీసులమని ఫోన్ చేశారు. బ్యాంకు నుంచి అన్నారు. రాసినవాళ్లంతా పెద్దవాళ్లే. కొందరు తప్పించుకున్నారు, కొందరు డబ్బు పోగొట్టుకున్నారు. పోగొట్టుకున్నవాళ్లు చివర్లో తప్పకుండా ఒక మాట రాస్తున్నారు: 'ఇంత చదువుకుని కూడా నాకెందుకు తట్టలేదో!'

తట్టకపోవడానికి తెలివితక్కువతనం కారణం కాదని నా నమ్మకం. మనవాళ్లు ఫోన్ ఎలా పెట్టేస్తారో ఒకసారి గమనించండి. 'సరేనండీ, ఉంటాను మరి' అంటారు. అవతలివాళ్లు కూడా 'ఉంటానండీ' అనాలి. ఈలోగా కోడలి ఆరోగ్యం గుర్తొస్తుంది, ఊళ్లో వాన గుర్తొస్తుంది, ఇంకో పది నిమిషాలు గడుస్తాయి. ఎదుటి మనిషి మాట్లాడుతుండగా టక్కున పెట్టేయడమంటే ఇంటికొచ్చినవాళ్ల మొహాన తలుపు వేసినట్టే మనకి. ఇక ఆ మాట్లాడేవాడు పోలీసు అధికారినంటే చెప్పేదేముంది? కుర్చీలోంచి లేచి 'చెప్పండి సార్' అంటారు. మోసగాడు బతికేదంతా ఈ మర్యాద మీదే.

డిజిటల్ అరెస్ట్ అని పేపర్లలో చూస్తున్నారుగా, దాని నడక ఇలా ఉంటుంది. మొదట రికార్డు చేసిన గొంతు ఒకటి వస్తుంది: రెండు గంటల్లో మీ సిమ్ ఆగిపోతుంది, వివరాలకు తొమ్మిది నొక్కండి. లేదంటే కొరియర్ ఆఫీసు పేరు చెప్పి, మీరు విదేశానికి పంపిన పార్శిల్‌లో మాదకద్రవ్యాలు దొరికాయంటారు. 'నేనేమీ పంపలేదు బాబూ' అంటే, 'అయ్యో, అయితే మీ ఆధార్‌ని ఎవరో వాడుకున్నట్టున్నారమ్మా, వెంటనే ఫిర్యాదు చేయాలి, ముంబయి పోలీసులకు కలుపుతాను ఉండండి' అంటాడు. చూశారా, మొదటివాడు భయపెట్టడు. మేలు చేస్తాడు. మేలు చేస్తున్నవాడి ఫోన్ ఎలా పెట్టేస్తాం?

భయపెట్టేవాడు తర్వాత వాట్సాప్ వీడియోలో వస్తాడు. ఒంటి మీద యూనిఫారం, వెనక జెండా, పక్కన వైర్‌లెస్ సెట్టు గరగర. మీ ఆధార్ నంబరు ఒక్క అంకె తప్పకుండా చదువుతాడు. చాలామంది లొంగిపోయేది ఇక్కడే: నా నంబరు తెలిసిందంటే నిజంగా పోలీసే అయ్యుండాలి! కానీ లాడ్జిలో గదికి, సిమ్ కార్డుకి, గ్యాస్ కనెక్షన్‌కి, ఇల్లు అద్దెకు తీసుకోవడానికి మనం ఎన్ని జిరాక్సులు పంచిపెట్టామో ఎవరికి లెక్క? నంబరు తెలియడం ఏ అధికారానికీ గుర్తు కాదు.

అక్కణ్ణుంచి కాగితాలు మొదలవుతాయి. సీబీఐ, ఈడీ, రిజర్వు బ్యాంకు ముద్రలున్న ఉత్తర్వులు ఫోన్‌లోకి వచ్చి పడతాయి. కెమెరా ఆపకూడదు. బాత్రూముకు వెళ్లాలన్నా చెప్పి వెళ్లాలి. గంటలు రోజులవుతాయి. చివరికి అసలు మాట: మీ డబ్బు మంచిదో కాదో రిజర్వు బ్యాంకు తనిఖీ చేయాలి, ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దు చేసి ఈ ఖాతాలో వేయండి, మీరు నిర్దోషి అయితే రెండు రోజుల్లో వెనక్కి వస్తుంది.

ఇంత నాటకాన్ని ఎవరు నమ్ముతారు అనుకునే కుర్రవాళ్ల కోసం ఒక్క కేసు చెబుతాను. వర్ధమాన్ గ్రూపు అధినేత ఎస్.పి. ఓస్వాల్ పద్మభూషణ్ అందుకున్న పారిశ్రామికవేత్త. 2024లో ఆయనకు 82 ఏళ్లు. లూధియానాలో అంత పెద్ద వస్త్ర సంస్థను నడిపిన మనిషిని మోసగాళ్లు వీడియో కాల్‌లో కాపలా కాసి, ఏకంగా సుప్రీంకోర్టు విచారణే నడిపించారు. అప్పటి ప్రధాన న్యాయమూర్తి చంద్రచూడ్‌నంటూ ఒకడు మాట్లాడాడు. ఓస్వాల్ ఖాతాల నుంచి 7 కోట్ల రూపాయలు వెళ్లిపోయాయి. ఫిర్యాదు అందాక పోలీసులు అందులో 5 కోట్లకు పైగా పట్టుకోగలిగారు. జరిగినదాన్ని ఆయన దాచుకోకుండా బయటికొచ్చి చెప్పారు. ఆయన మీద నాకు గౌరవం పెరిగింది అందుకే.

ఇప్పుడు చట్టం సంగతి. ఇది కాస్త ఓపిగ్గా చదవండి, మీ వయసువాళ్లకు ఇందులో ప్రత్యేకంగా ఒక వాక్యం ఉంది. 2024 జులై 1 నుంచి మనకు అమల్లో ఉన్నది భారతీయ నాగరిక్ సురక్షా సంహిత. అందులో 43వ సెక్షన్ ప్రకారం అరెస్టు చేసే పోలీసు అధికారి ఆ మనిషిని తాకాలి లేదా కదలకుండా నిర్బంధించాలి, ఆ మనిషి తనంతట తాను లొంగిపోతే తప్ప. ఫోన్ తెరలోంచి చెయ్యి చాచే పోలీసు ఇంకా పుట్టలేదు. ఆడవాళ్లనైతే అసాధారణ పరిస్థితుల్లో తప్ప పొద్దు గూకినప్పటి నుంచి పొద్దు పొడిచేదాకా అరెస్టు చేయకూడదు. ఇక 35వ సెక్షన్ చివర్లో ఉంది మీ వాక్యం: మూడేళ్లలోపు శిక్షపడే నేరమై, ఆ మనిషి అరవై దాటినవాడో, ఒంట్లో బాగోనివాడో అయితే, డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి ముందస్తు అనుమతి లేనిదే అరెస్టు చేయడానికి వీల్లేదు. ఇదే సెక్షన్ కింద హాజరు కమ్మని ఇచ్చే నోటీసును వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో ఎక్కడా లేదని ప్రధానమంత్రి కూడా 2024 అక్టోబరు 27న మన్ కీ బాత్‌లో చెప్పారు.

ఈ సెక్షన్లన్నీ బట్టీపట్టి ఈసారి ఫోన్ చేసినవాణ్ణి నిలదీద్దామని మీలో రిటైర్డు లెక్చరర్లకు, ప్లీడర్లకు అనిపించవచ్చు. వద్దు. వాదనకు దిగితే మాట పెరుగుతుంది, మాట పెరగడమే వాడికి కావలసింది. సెక్షన్లు వాడికి చెప్పడానికి కాదు, ఫోన్ పెట్టేశాక మీ గుండె దడ తగ్గడానికి. తణుకు నుంచి ఒక పాఠకురాలు మాత్రం వాదించకుండానే గెలిచారు. 'ఏ స్టేషనో చెప్పు నాయనా, మా తమ్ముణ్ణి తీసుకుని ఆటోలో వస్తా' అన్నారట. వాడే పెట్టేశాడు.

ఆవిడ మాటలో నాకు నచ్చింది ఆ 'తమ్ముణ్ణి తీసుకుని'. ఎందుకంటే ఈ మోసానికి ఇరుసు లాంటి వాక్యం ఒకటుంది: 'ఇది రహస్య విచారణ, ఇంట్లో ఎవరికీ చెప్పకండి, చెబితే వాళ్లనీ అరెస్టు చేయాల్సి వస్తుంది.' పక్క గదిలో భార్య ఉంటుంది, ఆవిడకు చెప్పరు. అమెరికాలో కొడుకు నిద్రపోతుంటాడు, వాడిని లేపరు. బయటికి పొక్కితే పరువు పోతుందని బెదురు. నిజమైన పోలీసులైతే మీ లాయరును పిలుచుకోవద్దనరు, ఇంట్లోవాళ్లకు చెప్పవద్దనరు. అరెస్టు చేశాక ఆ సంగతి మీ వాళ్లకు తెలియజేయాల్సిన బాధ్యత పోలీసులదే. 'ఎవరికీ చెప్పకు' అన్నాడంటే అక్కడితో ఆ మాటలు చాలు, పెట్టేయండి.

బ్యాంకులో ఏం చెప్పాలో కూడా ఆ మోసగాళ్లే నేర్పి పంపుతారు. 2024 నవంబరులో హైదరాబాద్‌లోని ఒక స్టేట్ బ్యాంకు శాఖకు ఒక పెద్దాయన వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయమన్నారు. ఎందుకంటే ఆస్తి కొనుక్కోవడానికన్నారు. కౌంటరులోని ఉద్యోగినికి ఆయన కంగారు చూసి అనుమానం వచ్చింది. మేనేజరుకు చెప్పారు. ఇంట్లోవాళ్లను వెంటబెట్టుకుని రండి, అప్పుడు చూద్దాం అన్నారు. ఆయన మళ్లీ ఒంటరిగా వచ్చారు, వాళ్లు మళ్లీ ఒప్పుకోలేదు. చివరికి అసలు సంగతి చెప్పించి ఆ 13 లక్షలు కాపాడారు. నా డబ్బు నేను తీసుకుంటానంటే మీకెందుకు అని ఆ రోజు ఆయనకు ఎంత కోపం వచ్చి ఉంటుందో! కౌంటరులో ఎవరైనా ఇలా గుచ్చి గుచ్చి అడిగితే విసుక్కోకండి.

అందరికీ అలాంటి అడ్డు దొరకదు. 2025 సెప్టెంబరులో హైదరాబాద్‌లోనే డెబ్బై దాటిన ఒక విశ్రాంత ప్రభుత్వ వైద్యురాలు దాదాపు మూడు రోజులు ఇలాంటి కాల్స్ మధ్య నలిగి గుండెపోటుతో చనిపోయారు. ఆవిడ పోయాక కూడా ఆ ఫోన్‌కు మెసేజ్‌లు వస్తూనే ఉన్నాయట. అదే ఏడాది హర్యానాలోని అంబాలాలో తన పేరుతోనే నకిలీ ఉత్తర్వులు చూపించి ఒక వృద్ధ దంపతుల దగ్గర కోటికి పైగా కాజేశారని తెలిసి సుప్రీంకోర్టు అక్టోబరులో తనంతట తాను కేసు చేపట్టింది. డిసెంబరు 1న దేశవ్యాప్త దర్యాప్తును సీబీఐకి అప్పగించింది.

ఈ ఫోన్లు చేసేది ఎవరు? జామ్‌తాడా అనే పేరు మీరు విని ఉంటారు, ఫోన్ మోసాలకు పేరుపడ్డ జార్ఖండ్‌లోని జిల్లా. ఇప్పుడు కథ అక్కడితో ఆగలేదు. 2024 మే నెలలో విశాఖ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. ఆ ముఠావాళ్లు విదేశంలో డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి, ఒక్కొక్కరి దగ్గర లక్షన్నర దాకా తీసుకుని, కుర్రవాళ్లను కంబోడియా చేర్చారు. అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, చైనా ముఠాల చేతికి అమ్మి, మన దేశంలోని వాళ్లకే ఫోన్లు చేయించారు. టార్గెట్ అందుకోకపోతే చీకటి గదుల్లో పెట్టి తిండి పెట్టలేదని తిరిగొచ్చినవాళ్లు చెప్పారు. అంటే కాకినాడలో ఏ పెద్దాయననో 'అంకుల్' అని పిలిచే తెలుగు గొంతు, బహుశా ఏ గాజువాక సందులోనో పెరిగినదే కావచ్చు. ఆ కుర్రవాళ్ల మీద జాలిపడాలో కోపగించుకోవాలో నాకింకా తేలలేదు. మీ వీధిలో ఎవరి కొడుకైనా ఏజెంటు మాట నమ్మి అటువైపు దేశాల్లో కంప్యూటరు ఉద్యోగానికి బయల్దేరుతుంటే మాత్రం ఆ తల్లిదండ్రులను కూర్చోబెట్టి ఈ సంగతి చెప్పండి.

చిన్న మోసాలు గబగబా చెప్పేస్తాను. కేంద్ర ప్రభుత్వ పెన్షనర్లు ఏటా నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ ఇవ్వాలి. ఆ రోజుల్లో, ఫోన్‌లోనే పని పూర్తి చేస్తాం, ఓటీపీ చెప్పండి అనేవాళ్లు బయల్దేరతారు. ఏ పెన్షన్ ఆఫీసూ అలా చేయదు. ఈ రాత్రి తొమ్మిదిన్నరకు కరెంటు తీసేస్తామనే మెసేజ్ వస్తే లైన్‌మన్‌ను అడగండి, అందులోని నంబరును కాదు. వాట్సాప్‌లో పెళ్లి శుభలేఖ అనో, ట్రాఫిక్ చలానా అనో వచ్చిన ఫైలు పేరు చివర ఏపీకే అని ఉంటే ముట్టుకోకండి. అది శుభలేఖ కాదు, మీ ఫోన్‌లో దిగి ఓటీపీలు చదివే యాప్. ఫోన్‌పే, గూగుల్‌పేలలో పిన్ కొట్టేది డబ్బు పంపడానికో, బ్యాలెన్సు చూసుకోవడానికో, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు. బ్యాంకు పేరుతో మెయిల్ వస్తే అందులోని లింకు నొక్కకుండా పాస్‌బుక్ మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసుకోండి. మన బ్యాంకుల వెబ్‌సైట్ల చిరునామాలను డాట్ బ్యాంక్ డాట్ ఇన్‌కు మార్చాలని రిజర్వు బ్యాంకు 2025 అక్టోబరు ఆఖరు దాకా గడువు పెట్టింది.

డబ్బు పోయిందా? ఏడవడం తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930. మీరు పంపిన డబ్బు ఒక ఖాతాలో నిలవదు. కమీషన్‌కు ఆశపడి ఖాతా అద్దెకిచ్చినవాళ్ల మీదుగా నిమిషాల్లో చేతులు మారుతూ పోతుంది. 1930కి చెబితే ఆ దారిలోని బ్యాంకులకు కబురు వెళ్లి, ఎక్కడ దొరికితే అక్కడ ఆపుతారు. ఎంత తొందరగా చెబితే అంత దొరుకుతుంది. ఆ నంబరు కలవకపోతే సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో రాయించండి, మీ బ్యాంకుకూ చెప్పండి. కొన్నాళ్లకు, పోయిన డబ్బు రాబట్టి ఇస్తాం, ముందు ఫీజు కట్టండి అంటూ ఇంకొకడు వస్తాడు. వాడూ ఆ జాతివాడే.

పిల్లలకు రెండు మాటలు. అమ్మానాన్నల ఫోన్‌లో వాట్సాప్ సెట్టింగుల్లోకి వెళ్లి తెలియని నంబర్ల కాల్స్ మోగకుండా చేయండి, అయిదు నిమిషాల పని. జరిగింది చెప్పుకోవడానికి వాళ్లు వస్తే 'నీకెన్నిసార్లు చెప్పాను' అని మొదలుపెట్టకండి. ఈ ఒక్క వాక్యానికి భయపడే చాలామంది పెద్దవాళ్లు 1930కి చేయాల్సిన గంటలో మౌనంగా కూర్చుంటున్నారు. మీ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ తెలియని గుర్తుమాట ఒకటి పెట్టుకున్నా మంచిదే. 'మీ అబ్బాయి కేసులో ఇరుక్కున్నాడు' అని పోలీసు ఫొటో పెట్టుకుని ఫోన్ చేసేవాళ్లు, వెనకాల ఏడుపు కూడా వినిపిస్తున్నారు. ఆ ఏడ్చేవాణ్ణి మన ఇంట్లో కుక్కపిల్ల పేరేమిటని అడిగితే చాలు.

మీ అనుభవాలు ఇంకా రాయండి. పేరు వేయవద్దంటే వేయను. కాకపోతే ఒక మనవి: జరిగింది వివరంగా చెప్పాలన్న ఉత్సాహంలో బ్యాంకు ఖాతా నంబరు, ఏటీఎం కార్డు నంబరు ఉత్తరంలో రాసి పంపకండి. పోయిన నెల ఒకాయన పిన్‌తో సహా రాశారు. ఆ ఉత్తరం చింపేశాను, ఆయన వెంటనే పిన్ మార్చుకోవాలి.

చింతకాయ పచ్చడి వచ్చే నెల తప్పకుండా.

మీ
సంపాదకుడు